గేటు మీద మా అమ్మాయి

ఆయన పోయిన రోజు అమీర్‌పేటలో ర్యాంకుల రోజు. ముందు రోజు జేఈఈ ఫలితాలు వచ్చాయి. మైత్రీవనం వెనక సందులో ఉన్న మా ఫ్లెక్సీల షాపు ముందు తెల్లవారేసరికే కోచింగ్ సెంటర్ల మనుషులు నిలబడ్డారట. ఎవరి పిల్లల ఫోటోలు ముందు రోడ్డు మీదికి రావాలన్నదే తొందర. మధ్యాహ్నం దాకా మిషన్ ఆగలేదు. ఆయన కుర్చీలో కూర్చుని మహేశ్‌ను మంచినీళ్ళు అడిగారు. మహేశ్ నీళ్ళు తెచ్చేలోగా పక్కకు ఒరిగిపోయారు. ఆ సమయానికి నేను పంజాగుట్టలో, మా స్కూల్లో, పదో తరగతికి కటకాల పాఠం రివిజన్ చెబుతున్నాను. ఫోను బ్యాగులో ఉంది. పాఠం పూర్తయ్యాక చూశాను.

మహేశ్ షాపులో మిషన్ నడుపుతాడు. ఆయనకు తమ్ముడి కింద లెక్క. ఆ సాయంత్రం మా గుమ్మం దగ్గరే ఆగిపోయి, తల వంచుకుని అడిగాడు.

"వదినా, అన్న అసల్ పేరేంది? గిన్నేండ్లల్ల ఎన్నడు అడగలే. అందరం బుల్లబ్బాయన్న అనే అంటుంటిమి."

చెప్పాను. నివాళి ఫ్లెక్సీ కోసం అడిగాడని తర్వాత అర్థమైంది. ర్యాంకర్ల ఫ్లెక్సీని సగంలో ఆపి, ఆ రోల్ మీదే ఆయనది ముద్రించి, మా వీధి మొదట్లో కట్టారు. ఫోటో ఎంచింది మా అమ్మాయి హైందవి. అందులో ఆయన నవ్వుతున్నారు. ఇలాంటి సందర్భానికి నవ్వేది బాగుండదని పెద్దవాళ్ళెవరో అన్నారు.

"నవ్వకుండా ఉన్న నాన్న ఫోటో మా ఇంట్లో లేదండీ" అంది హైందవి. ఆ ఫోటోనే వేశారు.

హైందవి మాకు ఒక్కతే. అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం చివర్లో ఉంది. తండ్రీ కూతుళ్ళు కలిసి వేసుకున్న ప్లాన్ ఒకటి ఉండేది. బీఎస్సీ ఫిజిక్స్. డిగ్రీ బేగంపేటలో అయితే ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు. తర్వాత పీజీకి ఎంట్రన్స్ రాసి, ఎక్కడ వస్తే అక్కడికి. జనవరిలో ఒక రోజు ఇద్దరూ స్కూటర్ మీద వెళ్ళి ఆ కాలేజీ చూసి వచ్చారు. లోపల ఎలా ఉందని అడిగితే, వాచ్‌మన్ రానివ్వలేదని, గేటు మాత్రం చాలా బాగుందని చెప్పి నవ్వుకున్నారు.

ఆయన డిగ్రీ మధ్యలో వదిలేశారు. అందుకేనేమో, నా డిగ్రీ అంటే ఆయనకు మహా గొప్ప. టీకొట్టు దగ్గర ఎవరు కలిసినా "మా ఆవిడ బీఎస్సీ ఫిజిక్స్" అని పరిచయం చేసేవారు. టీచర్ అని కాదు, బీఎస్సీ ఫిజిక్స్ అని. నేను వెంటనే మాట మార్చేదాన్ని.

"కొత్త కోర్సుల బోర్డులు ఏటా నేనే ప్రింట్ చేస్తున్నా, పాతవి నేనే చింపుతున్నా" అనేవారు ఇంటికి వచ్చాక. "నువ్వు చెప్పే న్యూటన్‌ని మాత్రం మార్చి వెయ్యమని ఇంతవరకూ ఒక్కడూ రాలేదు."

పెద్దకర్మ నాడు ఇల్లంతా మనుషులు. ఆయన అక్క దుర్గాంబ వదిన రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి కొన్ని రోజులుగా మాతోనే ఉన్నారు. భోజనాలయ్యాక ముందు గదిలో చాపల మీద బంధువులు, కుర్చీల్లో మా స్కూల్ టీచర్లు కూర్చున్నారు. ఇలాంటి చోట కాసేపటికి మాట పోయినవాళ్ళ మీద నుంచి ఉన్నవాళ్ళ మీదికి వస్తుంది.

"పిల్లనేం చదివిద్దామనే, జానకీ?" అన్నారు దుర్గాంబ వదిన. "వాడుంటే వేరే సంగతి. ఇంజనీరింగేగా?"

అందరూ నా వైపు చూశారు. ఆ చూపుల్లో జాలి ఉంది. జాలిపడుతున్నవాళ్ళ ముందు బీఎస్సీ అన్న మాట నా నోటికి రాలేదు. మనిషి పోయాడు, దాంతో పిల్ల చదువు కూడా తగ్గిపోయింది అనుకుంటారనిపించింది.

"అవును వదినా. సీఎస్‌ఈ."

"అదీ! కంప్యూటర్లయితే నీకింక దిగులుండదు. మా అల్లుడు చేరిందీ అదే కదా. మొద్దు మొహం, వాడికే ఉద్యోగం వచ్చింది."

కొందరు నవ్వారు. గదిలో బరువు తగ్గింది. నేను కూడా కొంచెం తేలికపడ్డాను. అప్పుడు చూశాను, హైందవి మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్కొక్కరికీ వంగి గ్లాసు అందించింది. నాకిచ్చేటప్పుడు గ్లాసు వైపే చూసింది.

అందరూ వెళ్ళాక అడిగింది.

"అలా ఎందుకు చెప్పావమ్మా?"

"అందరూ ఉన్నారు కదా. తర్వాత నిదానంగా చెప్పుకోవచ్చులే."

"తర్వాతంటే?"

"ముందు పరీక్షలు రాయి."

రాసింది. ఎలా రాసిందో నాకు తెలియదు. తండ్రి పుస్తకాల రాక్ పక్కన పెట్టిన హెల్మెట్‌ను అక్కడి నుంచి తియ్యనివ్వకుండా, దాని ఎదురుగా కూర్చుని చదివింది. నాకు మా పదో తరగతి పరీక్షల డ్యూటీలు పడ్డాయి. ఇద్దరం ఎవరి పనిలో వాళ్ళం ఉండి, భోజనం దగ్గర మాత్రం కలిసేవాళ్ళం. ఏప్రిల్‌లో ఒక గాలివానకు వీధి మొదట్లో ఆయన ఫ్లెక్సీ నిలువునా చిరిగింది. మహేశ్ వచ్చి, విప్పి, చాపలా చుట్టుకుని షాపుకి తీసుకెళ్ళాడు. పారేశాడేమో అనుకున్నాను. ఇంక్ డబ్బాల వెనక ఇప్పటికీ అలాగే ఉంది.

పరీక్షలయ్యాక హైందవి మధ్యాహ్నాలు షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది. డిజైన్లు చెయ్యడం తండ్రి దగ్గర ఎప్పుడో నేర్చుకుంది. ఎంసెట్ కూడా రాసింది. ఇప్పుడు దాని పేరు మారినా మేమంతా అలాగే అంటాం. ర్యాంకు వచ్చింది. గొప్పదేం కాదు, తీసేసేదీ కాదు. ఆ సాయంత్రం నేను స్కూల్లో సమ్మర్ క్లాసు ముగించుకుని ఆమెను అక్కడికే రమ్మన్నాను. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాల పక్కన నడిచి వెళ్దామన్నాను. ఇంట్లో మాట్లాడితే ఆయన ఫోటో ముందు మాట్లాడినట్టుంటుంది.

"ఈ ర్యాంకుకి ఎక్కడో ఒకచోట సీఎస్‌ఈ వస్తుంది" అన్నాను.

"వస్తుంది. నాకక్కర్లేదు."

"ఫిజిక్స్ చదివి ఏం చేస్తావు?"

"నువ్వు చదివిందే కదమ్మా."

"అందుకే అంటున్నా."

హైందవి ఆగిపోయింది. వెనక నుంచి వచ్చేవాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ ముందుకి పోతున్నారు. చెరుకురసం బండివాడు "జర పక్కకు జరుగుండ్రి అమ్మా" అన్నాడు. పక్కకు జరిగాం.

"అందుకే అంటే?" అంది.

నేను చాలాకాలంగా లోపల దాచుకున్నది ఆ చెరుకు పిప్పి పక్కన నిలబడి చెప్పాను. నాతో ఇంటర్ చదివినవాళ్ళ పిల్లలకి ఇప్పుడు నేను పాఠం చెబుతున్నానని. వాళ్ళు కార్లలో పేరెంట్స్ మీటింగ్‌కి వస్తారని, నన్ను గుర్తుపట్టి "ఇంకా టీచింగేనా?" అంటారని. ఆ 'ఇంకా' అన్న మాటకి నవ్వి ఊరుకుంటానని. నీకు ఆ పరిస్థితి రాకూడదని.

హైందవి చివరిదాకా విన్నది. తర్వాత అడిగింది.

"నువ్వు ఇలా అనుకుంటావని నాన్నకి తెలుసా?"

పైన కొత్త బోర్డు ఒకటి కనిపించింది. ఏదో ఏఐ కోర్సుది, మా షాపు పనే.

"చూడు, మనం వేసిందే. రంగులు బాగా వచ్చాయి" అన్నాను.

ఆమె తలెత్తలేదు. మిగతా దారంతా నాకంటే ఒక అడుగు ముందే నడిచింది.

జూన్ మొదట్లో, స్కూలు తెరవడానికి ముందు, కరస్పాండెంట్ అచ్యుతరావు గారు నన్ను ఆఫీసు రూముకి పిలిచారు. అడ్మిషన్ల సీజన్. ఏటా ఆ సమయానికి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ పడుతుంది. మా స్కూల్లో చదివి వెళ్ళిన పిల్లల ఫోటోలు, కింద ఎవరికి ఏ సీటు వచ్చిందో. ఆ గేటు ముందు ఆగి, ఆ ఫోటోలు చదివి, అప్పుడు లోపలికి వస్తారు తల్లిదండ్రులు.

"జానకీ మేడమ్, మీ అమ్మాయి టెన్త్ మన దగ్గరే కదండీ. ఫోటో ఒకటి పంపండి. సీఎస్‌ఈ అని మన టీచర్లు ఆ రోజు మీ ఇంట్లో విన్నారట. ఎంత ధైర్యంగా ఉన్నారండీ మీరు."

"కౌన్సెలింగ్ ఇంకా కాలేదండీ" అన్నాను.

"అయ్యేదాకా ఆగితే నా అడ్మిషన్లు అయిపోతాయి" అని నవ్వారు. "ర్యాంకు వచ్చిందిగా. ఆ ర్యాంకుకి సీఎస్‌ఈ ఎక్కడైనా ఇస్తారు. ముందు వేసేద్దాం, కాలేజీ పేరు తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట. నిరుడు బ్యాచ్‌లో ఎవరో బీఎస్సీలో చేరారట, ఆ అబ్బాయిని కూడా పెడదామా అని ఆఫీసులో అడిగారు. ఎందుకండీ! మన స్కూల్లో చదివితే బీఎస్సీ వస్తుందా అని పేరెంట్స్ హడలిపోతారు."

గదిలో ఉన్న ఇద్దరు టీచర్లు నవ్వారు. నేనూ నవ్వాను. నా టేబుల్ మీద నా పేరు పక్కన బీఎస్సీ, బీఎడ్ అని రాసిన చెక్క పలక ఉంటుంది. అది ఆయనే చేయించి ఇచ్చారు.

కాదని చెప్పడానికి అప్పుడు సమయం ఉంది. గది చల్లగా ఉంది, ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. ఆ అమ్మాయి ఫిజిక్స్ చదువుతుందండీ అంటే అచ్యుతరావు గారు మహా అయితే ఒక్క క్షణం తడబడి "అలాగా, మంచిదేనండీ" అనేవారు. ఆ ఒక్క క్షణాన్ని నేను భరించలేకపోయాను. ఫోనులో ఫోటో వెతికాను. హైందవి ఒక్కతే ఉన్నది దొరకలేదు. తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డ ఫోటో ఒకటి బాగుంది. ఆయన్ని కత్తిరించి, ఆమె వరకు పంపాను.

స్కూలు ఫ్లెక్సీలన్నీ మొదటి నుంచీ మా షాపులోనే పడతాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ గదిలో ఉన్నంతసేపూ అది గుర్తుకు రాలేదు. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో క్యారియర్ విప్పుతుంటే గుర్తొచ్చింది. మహేశ్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. హైందవికి చెయ్యడానికి చెయ్యి రాలేదు.

షాపు సందులోకి అడుగుపెట్టేసరికే మిషన్ చప్పుడు వినిపించింది. మహేశ్ నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"రా వదినా, సరిగ్గ టైముకొచ్చినవ్. చూడు, మన హైందవి ఫోటో ఎంత మంచిగ పడ్తున్నదో! గా సీఎస్‌ఈ ముచ్చట ఇంట్లనే దాచుకుంటిరి. నాకు సుత చెప్పలే. పార్టీ ఇయ్యాల్సొస్తదని ఫికరా?"

ఫ్లెక్సీ మిషన్‌లోంచి నెమ్మదిగా కిందికి దిగుతోంది. ముందు స్కూలు పేరు, తర్వాత ఒక వరుస పిల్లలు, ఆ కింద వరుసలో మా అమ్మాయి. తడి రంగు మెరుస్తోంది. ఫోటో కింద ఎర్ర పట్టీలో సీఎస్‌ఈ అని పెద్ద అక్షరాలు.

హైందవి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"స్కూలు వాళ్ళు పంపిన ఫోటో బాగా చీకటిగా ఉందమ్మా. కొంచెం వెలుగు పెంచాను. మిగతాదంతా వాళ్ళు పంపినట్టే ఉంది."

నేను ఏదో అనబోయాను. మహేశ్ మిషన్ మీదికి వంగి చూస్తున్నాడు.

"హైందవీ, గిదేంది, నీ భుజం మీద గీ వేళ్ళు ఎవరియి? కట్ చేసినప్పుడు మిగిలిపోయినట్టున్నయి. బాగనిపిస్తలేదు. తీసేసి మల్ల కొడదామా?"

నేనూ చూశాను. ఆమె ఎడమ భుజం మీద మూడు వేళ్ళు. ఒక దానికి ఉంగరం. ఆ ఉంగరం ఇప్పుడు మా బీరువాలో ఉంది.

మహేశ్ కూడా అప్పుడే ఉంగరాన్ని గుర్తుపట్టినట్టున్నాడు. మిషన్ మీది నుంచి వెనక్కి జరిగాడు.

"ఉండనీ బాబాయ్" అంది హైందవి. "కనబడవులే. పైన కడతారు కదా."

తర్వాత వచ్చిన ఆర్డర్ ఫైలు తెరిచి పని చేసుకోసాగింది. మిషన్ ఆగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆపమని మహేశ్‌తో ఒక్క మాట అంటే ఆగిపోయేది. షాపు నాది. అనలేదు. మన పిల్ల ఉన్న ఫ్లెక్సీ అని మహేశ్ అంచులు మడిచి అతికించి, తాళ్ళు కట్టే రింగులు మామూలు కంటే ఎక్కువ వేశాడు.

"గాలొచ్చినా కదలదు వదినా" అన్నాడు.

దోస్త్ వెబ్‌సైట్‌లో డిగ్రీ కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకునే గడువు ఆ వారంలోనే ముగుస్తుంది. చివరి రోజు పొద్దున్న నేను దోశలు వేస్తుంటే హైందవి వచ్చి పొయ్యి పక్కన నిలబడింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను, సరిగ్గా చెప్పు. ఇంజనీరింగ్‌లో చేరమంటే చేరతాను. ఫ్లెక్సీలో ఉన్నదే నిజం అవుతుంది, నీకు ఎవరి ముందూ ఇబ్బంది ఉండదు. వద్దంటే ఈ రోజు ఫిజిక్స్‌కి పెడతాను. ఏది చెయ్యమంటావు?"

పెనం మీద దోశ అంచులు లేస్తున్నాయి. ఫిజిక్స్ చదువు తల్లీ అని చెప్పాలి. అది చెప్పడానికి నాకు అప్పుడు ఏ అడ్డూ లేదు. వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. చూసేవాళ్ళు లేరు, జాలిపడేవాళ్ళు లేరు.

"నీ ఇష్టం" అన్నాను.

హైందవి కాసేపు అలాగే నిలబడింది. ఇంకేమైనా అంటానేమో అని కావచ్చు. దోశ తిరగేశాను.

"సరే" అంది.

ఆప్షన్లు పెట్టుకుంది. బేగంపేటలోనే సీటు వచ్చింది. సర్టిఫికెట్లు పట్టుకుని ఒక్కతే వెళ్ళి చేరి వచ్చింది. నేను సెలవు పెడతానంటే, ఎందుకమ్మా స్కూలు పాడు చేసుకోవడం అంది. వాచ్‌మన్ ఈసారి లోపలికి రానిచ్చాడా అని అడుగుదామనుకున్నాను. ఆ మాట ఆయన అడగాల్సింది. నేను అడిగితే బాగుండదనిపించి ఊరుకున్నాను.

మొదటి వారాల్లో పుస్తకాలు తెచ్చుకుంది. ఇంతకుముందు ఏదైనా లెక్క తెగకపోతే నా దగ్గరికే వచ్చేది. కింద కూర్చుని, నా మోకాలి మీద పుస్తకం పెట్టి, "టీచర్ గారూ, డౌటు" అనేది. ఇప్పుడు రావట్లేదు. అడిగితే "క్లాసులో చెప్పారమ్మా" అంటుంది. ఒక రోజు ఆమె లేనప్పుడు ఆ పుస్తకం తెరిచి చూశాను. యాంత్రిక శాస్త్రంలో నేను చదువుకున్న పాఠాలే. ఒక లెక్క పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు ఉంది. ఆ లెక్క నాకు వచ్చు. పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

వినాయకుడి పందిళ్ళకి గుంజలు పాతుతున్న రోజుల్లో దుర్గాంబ వదిన ఫోను చేశారు. హైందవే ఎత్తింది. అవతలి మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏమ్మా బంగారం, కాలేజీకి వెళ్తున్నావా? ఏ కాలేజీ? సీఎస్‌ఈయేనా, ఇంకేదైనా ఇచ్చారా? మా అల్లుడికి చెబితే ఉద్యోగానికి ఇప్పటి నుంచే చూసి పెడతాడు."

హైందవి నా వైపు చూసింది.

"అమ్మ ఇక్కడే ఉందత్తా. అమ్మ చెబుతుంది" అని ఫోను నా చేతిలో పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వెళ్ళిపోలేదు. వినడానికే నిలబడింది.

"చేరింది వదినా" అన్నాను. "దగ్గరే. బాగానే ఉంది." తర్వాత ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి అడిగాను. ఆవిడ ఆ నొప్పి గురించి చెబుతూ పోయారు. నేను తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

స్కూలు తెరిచి ఇప్పటికి చాలా రోజులైంది. అడ్మిషన్లు అయిపోయాయి. గేటు మీది ఫ్లెక్సీ అలాగే ఉంది. వానలకు రంగు కొంచెం దిగింది గానీ, మహేశ్ వేసిన రింగులు గట్టివి. కింద నుంచి చూస్తే ఆ వేళ్ళు కనబడవని హైందవి అంది. కనబడతాయి. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్ళకి కనబడతాయి. మొన్న పదో తరగతిలో దర్పణాల పాఠం చెబుతుంటే ముందు బెంచీ పిల్ల ఒకతి లేచింది.

"మేడమ్, ఫిజిక్స్ ఇంత బాగుంది కదా. మరి హైందవి అక్క ఎందుకు సీఎస్‌ఈ తీసుకుంది?"

మా పిల్లలు టీచర్ల కూతుళ్ళని కూడా అక్క అనే అంటారు. క్లాసంతా నా వైపు చూసింది. పటం పూర్తి చెయ్యండి అన్నాను. అందరూ తలలు వంచి గీతలు గీసుకున్నారు.

రోజూ పొద్దున్న ఆ ఫ్లెక్సీ కింద నుంచే లోపలికి వెళ్తాను. అచ్యుతరావు గారి గది గేటు పక్కనే. తలుపు తెరిచే ఉంటుంది. దుర్గాంబ వదినకి నేను ఇంకా చెప్పలేదు. పెద్దకర్మ నాడు మా ఇంట్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. ఆ ఫ్లెక్సీ దింపించమని ఇంకా అడగలేదు.